వీపు కింద అరచెయ్యి

నస్పూర్‌లో మా చిన్న చర్చికి ఒక పాస్టరయ్య ఉండేవారు. గోదావరిలో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన ఎవరినీ నీళ్లలోకి నొక్కేవారు కాదు. వీపు వెనక అరచెయ్యి ఆనించి, ఆ మనిషి తనంతట తాను వెనక్కి ఒరిగేదాకా ఊరికే నిలబడేవారు. "ఒరుగుడు నీది, లేపుడు దేవునిది" అనేవారు.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అవ్వ, అదే మా అమ్మ, ఏళ్ల తరబడి బతిమాలితే ఒకసారి నడుములోతు నీళ్లలోకి దిగాడు. పాస్టరయ్య చెయ్యి వీపు మీదే ఉంది. బాపు మాత్రం కర్రలా బిగుసుకుపోయాడు. ఒడ్డున పాడేవాళ్లు పాట ఆపేశారు. చివరికి "నాతోని కాదయ్యా" అని వెనుదిరిగి, రాయి మీద కాలు జారి నిండా మునిగాడు. పాస్టరయ్యే రెక్క పట్టుకుని లేపారు.

అవ్వ నీళ్లలోకి ఉరికొచ్చింది. "మునిగిండు గద అయ్యగారూ, గిదే బాప్తిస్మం అనుకోండ్రి."

"జారిండమ్మా, ఒరగలే" అన్నారాయన, తన కండువాతో బాపు తల తుడుస్తూ.

అవునంటే ఆయన సొమ్మేం పోయేదని నాకు చాలాకాలం కోపం.

బాపు మళ్లీ ఆ నీళ్లలోకి దిగలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఎవరూ పిలవకుండానే పాస్టరయ్య వచ్చారు. బాపును పెట్టెలో పడుకోబెట్టబోతుంటే అవ్వ ఆయన్ని అడిగింది: "ఈయన ఒరగకనే పాయె. మరి దేవుడు లేపుతడా అయ్యగారూ?"

పాస్టరయ్య వంగి, బాపు వీపు కింద అరచెయ్యి పెట్టి, మాతోపాటు మెల్లగా దించారు. మేమందరం చేతులు తీసేశాక కూడా ఆయన చెయ్యి అక్కడే ఉంది.