శాంతమ్మ టీచర్ నేర్పింది తప్పు కాదు

చెప్పాల్సిన రోజున నేనొక మాట చెప్పలేదు. శాంతమ్మ టీచర్ మిర్యాలగూడ దవాఖానలో కన్నుమూశారని ఫోన్ వచ్చినప్పుడు దుఃఖం కంటే ముందు ఆ మాటే గుర్తొచ్చింది.

పదవీ విరమణ తర్వాత ఆమె మునగాల నుంచి ఆడవాళ్లను వెంటబెట్టుకొని కోదాడలోని నా ఇంటర్నెట్ సెంటర్‌కు బస్సులో వచ్చేవారు. ఇంగ్లీషు చదవలేని ఆ తల్లులకు పిల్లల హాల్‌టికెట్లు, ఫలితాలు సొంతంగా తీసుకోవడం నేర్పేవారు. అక్షరాలతో కాదు, జాగాలతో. డౌన్‌లోడ్ అయిన కాగితం తెర అడుగున ఎక్కడ కనిపిస్తుందో సరిగ్గా అక్కడ, మానిటర్ అంచుకు బొట్టుబిళ్ల అంటించేవారు. ఆమె క్రైస్తవురాలు, బొట్టు పెట్టుకోరు. బిళ్లలు మాత్రం సంచిలో ఎప్పుడూ ఉండేవి.

బ్రౌజర్ అప్‌డేట్ అంటే ఆమెకు ఒళ్లు మండేది. రూపం మారిన ప్రతిసారీ కంపెనీవాళ్లు అభిప్రాయాలు రాయమనే చోట తెలుగులోనే నిలదీసేవారు. ఎవరు చదువుతారు టీచర్ అని నేను నవ్వితే, "చదవకపోతే వాళ్ల ఖర్మ. నేను లేనప్పుడొచ్చి నా పొయ్యి జరిపితే ఊకుంటనా? అడగకుండ జరుపుడేంది?" అనేవారు.

ఆమె రాని ఒకరోజు నేను అన్ని కంప్యూటర్లలో అప్‌డేట్ నొక్కాను. వేగం పెరుగుతుందనుకున్నాను. అడుగున కనిపించే కాగితం కాస్తా పైమూలన చిన్న బాణం గుర్తులోకి పోయింది. కూతురి హాల్‌టికెట్ కోసం వచ్చిన ఎల్లమ్మ బొట్టుబిళ్ల వైపే చూస్తూ నొక్కింది, మళ్లీ మళ్లీ నొక్కింది. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. చివరికి నేనే ప్రింటు తీసిచ్చాను.

"టీచరమ్మ తప్పు జెప్పిందా సారూ?" అని అడిగింది.

సెంటర్‌కు చెడ్డపేరు వస్తుందని నేను నోరు విప్పలేదు.

టీచర్‌కు మతి తప్పిందన్న మాట మునగాలంతా పాకింది. ఆడవాళ్లు రావడం మానేశారు. ఆమె మానలేదు. ఒంటరిగా వచ్చి, బిళ్లను పైమూలకు మార్చి, కంపెనీకి మళ్లీ రాశారు. "వాళ్లు జరుపుతనే ఉంటరు. మనం అడుగుతనే ఉండాలె" అన్నారు.

మార్పు అర్థం కాకపోతే తప్పు వాడేవాళ్లదే అనడం సెంటర్లు నడిపే మాబోటివాళ్లకు అలవాటైంది. అది అబద్ధం. ఆ అబద్ధానికి ఎదురు నిలిచిన ఒక్క మనిషీ మాకు లేకుండా పోయారు.

మునగాల చర్చిలో జ్ఞాపక ప్రార్థనకు ఆ ఆడవాళ్లందరూ వచ్చారు. పాపం, చివర్లో టీచరమ్మకు మతి సరిగా లేదని ఎవరో మొదలుపెట్టారు. నేను లేచి ఎల్లమ్మ వైపు తిరిగాను.

"టీచర్ మంచిగనే నేర్పింది ఎల్లమ్మా. ఆ పొద్దు అప్‌డేట్ చేసి అంతా మార్చింది నేను. నువ్వడిగితే తెలిసి కూడ చెప్పలే. ఆమె బతికుండగ చెప్పాల్సింది, ఇగ మీ అందరి ముందట చెప్తున్న. తప్పు నాది. మాఫ్ చెయ్యుండ్రి టీచర్."