గిటారుకు కట్టిన మైకు

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో మౌలాలి రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. నా గిటారు నలుగురికీ వినబడాలని, మిలిటరీవాళ్లు గొంతుకు కట్టుకునే పాత మైకు ఒకటి కార్ఖానా బజార్లో చవగ్గా కొన్నాను. దాన్ని గిటారుకు బిగించి, మైకు తీగను రేడియోకు కలిపాను. కిటికీలోంచి ఎవరు చూశారో, సాయంత్రానికి ఇద్దరు జవాన్లు తుపాకులతో వచ్చారు.

"ఎవరికి ఖబర్ పంపుతున్నవ్?"

"పాటల పిచ్చోడు సాబ్, గంతే!" అంటూ అమ్మ ఏడ్చింది.

"అయితే వాయించు."

గిటారును ఛాతీకి ఆనించుకున్నాను. భయంతో వేళ్లు కదల్లేదు. రేడియోలోంచి మాత్రం దబదబమని చప్పుడు!

"ఏందది?"

"నా గుండె, సాబ్."

జవాను కాసేపు విని, తుపాకీ దించాడు. మైకు పట్టుకుపోయారు. ఆ తర్వాత నా గిటారు ఒక్క అమ్మకి వినబడినా చాలనిపించింది.