మాట్లాడని మా సరళ

మేం ఉండేది చెన్నై మైలాపూరులో. ఏళ్ల తరబడి రేడియోలో గలగలా మాట్లాడిన మా అమ్మాయి సరళకు టీవీ సీరియల్‌లో కోడలి వేషం వచ్చింది. మొదటి రోజు షూటింగుకు తోడుగా వెళ్లాను.

అత్త నానా మాటలూ అంటుంటే కోడలు మౌనంగా చూడాలి. కానీ రేడియోలో క్షణం మాట ఆగినా తప్పే కదా! అత్త ఆగగానే సరళ ప్రతిసారీ "అది కాదత్తయ్యా..." అని అందుకునేది. అందరూ నవ్వారు.

"ఇది రేడియో కాదుమా! ఇంకొక్కసారి చూస్తా. కాకుంటే వేరే అమ్మాయిని పెట్టుకుంటా" అన్నాడు డైరెక్టరు.

సరళ ఏడుపు ముఖంతో నా దగ్గరికొచ్చింది. "నోరు దానంతటదే లేస్తా ఉందిమా!"

"సామికి నైవేద్యం పెట్టి తెర వేస్తే, ఆయన తినేదాకా మాట్లాడతామా? చిన్నప్పుడు నువ్వు నోరు మూసింది అప్పుడే గదా! ఈడా అట్టనే నిలబడు" అన్నాను.

ఈసారి సరళ కదలకుండా చూసింది. ఆ చూపుకు అత్త వేషం వేసినావిడే తల దించుకుంది. "ఇదేమా నాక్కావాల్సింది!" అని డైరెక్టరు కేకేశాడు.

నేను బడికి పోలేదు. అమ్మ ఇంట్లో నేర్పిన పూజే నా చదువు. అది నా బిడ్డకు అక్కరకొచ్చింది. సీరియల్‌లో సరళ మౌనంగా నిలబడినప్పుడల్లా టీవీ ముందు నా చేతులు వాటంతటవే దణ్ణం పెడతాయి.