నీళ్లు కాచి తాగండి

అప్పట్లో నా ఉద్యోగం ఆరోగ్య ప్రచారానికి గోడరాతలు రాయించడం. కొత్తకోట నుంచి వస్తున్న బస్సులో, నా చేతిలోని కాగితం మీద ఏముందని పక్కసీటు ముసలామె అడిగింది. "నీళ్లు కాచి తాగండి," అని చదివాను. ఆ వాక్యం నాదే.

"మా ఊర్ల గోడ మీద గూడ గిదే రాసిన్రు బిడ్డా. గొర్లను కాసినట్టే బాయిని కాసినం, వంతులేసుకొని. అయినా నా మనుమరాలు వాంతులు, బేదులై పోయింది."

కాచడమంటే మరగబెట్టడమని చెప్పబోయాను.

"నా వంతుల నేనే జర కునుకు తీసిన్నేమో," అందామె.

ఈ మాట మీకెలా అర్థమవుతుందని ఏ ఊళ్లోనూ నేను అడగలేదు. తప్పు నాదని అప్పుడైనా చెప్పాల్సింది. మహబూబ్‌నగర్‌లో ఆమె మూట దించి చేతికిచ్చాను, అంతే.