పొద్దెక్కకముందే చేరాల్సిన సైడర్

"ఆ రోజుల్లో..." అని నేను మొదలుపెడితే చాలు, మా ఆవిడ చేతిలో పని ఆపి మరీ నవ్వుతుంది. "ముప్పై నిండి మూడు నెలలు గాలె, నీకు గప్పుడే ఆ రోజులా?" అంటుంది. నిజమే. నేను చెప్పబోయేది మాస్కుల కాలం నాటి సంగతి, నాలుగైదేళ్ల కిందటిది. అయినా మాస్కు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే రెండు కళ్లు మాత్రమే కనిపించిన ఆ కుర్రాడు ఇప్పుడు నాకు మేనల్లుడి వరస అవుతాడేమో అనిపిస్తుంది. వాడు చేసిన పనులన్నీ నేనే చేశానంటే నాకే నమ్మబుద్ధి కాదు. ముఖ్యంగా ఈ సైడర్ గొడవ.

అప్పుడు నేను రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ల క్వారీలో స్టోర్ హెల్పర్ని. హెల్మెట్లు, గ్లౌజులు, బోల్టులు అడిగినవాళ్లకు ఇవ్వడం, అడగనివాళ్లకు కబుర్లు చెప్పడం నా ఉద్యోగం. మా జగిత్యాల వైపు నుంచే వచ్చిన క్రషర్ ఆపరేటర్ ఒకాయన నా గదిలో ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు కానీ నేను మామా అనేవాణ్ని. మామ ఒకప్పుడు బాగా తాగేవాడట. కొండగట్టు అంజన్నకు మొక్కుకుని మానేసి రెండేళ్లయింది (ఈ విషయం మన కథకు అవసరం, గుర్తుంచుకోండి). ఇక మా అందరి మీదా ముదీర్, అంటే మేనేజరు. ఇంగ్లండ్ మనిషి. ఎండకు కాలి ఎర్రబడ్డ ముఖం, మోకాళ్ల దాకా నిక్కరు, నోటినిండా సగం ఇంగ్లీషు సగం హిందీ. పనిలో కోపం వస్తే కొండ కూడా వినేలా అరిచేవాడు. కోపం తగ్గాక నా స్టోర్‌కు వచ్చి చాయ్ తాగేవాడు.

అలా చాయ్‌కి వచ్చిన ఒక రోజు, ఆయన కప్పులోకి చూస్తూ, "నాకిక్కడ ఇంకా మూడు వారాలే. ఖలాస్," అన్నాడు. రిటైరై, భార్య ఊరైన ఫిలిప్పీన్స్‌కు వెళ్లిపోతున్నాడు. ఇంగ్లండ్‌లో ఇంకెవరూ లేరు. ఒక్క అన్న ఉండేవాడు, పల్లెటూళ్లో యాపిల్ తోట పెట్టుకుని. కరోనా మొదటి విడతలో పోయాడు. విమానాలు లేవు, ఈయన వెళ్లలేకపోయాడు, అంత్యక్రియలు ఫోన్‌లో చూశాడు. తోట అమ్మేశారు. "మా అన్న సైడర్ చేసేవాడు," అన్నాడు ముదీర్. (ఇంగ్లీషులో అన్నవన్నీ నా తెలుగులో చెబుతున్నాను, ఆయన బూతులు మాత్రం మినహాయించి.) "యాపిల్ రసం పీపాలో పోసి పులియబెడతారు. మా ఊళ్లో మనిషి పోతే, ఆ మనిషి చేసిన సైడర్ ఒక గ్లాసు తాగి సాగనంపుతాం. నేను ఆ ఒక్క గ్లాసూ తాగలేదు. కనీసం అలాంటిదైనా ఒకటి దొరికితే తాగి పోదామనుకున్నా. ఈ దేశంలో దొరికేదంతా డబ్బాల్లో తీపి సోడా."

"ఎట్లుంటది సార్ అసలుది?" అని అడిగాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మబ్బుగా ఉండాలట. పుల్లగా ఉండాలట. అడుగున మడ్డి ఉండాలట. వాసన చూస్తే పశువుల కొట్టం కొంచెం గుర్తు రావాలట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "సార్! అది కల్లు!" అన్నాను. మా తాత తాళ్లు గీసేవాడు. నేను నడక నేర్చుకున్నది కల్లు మండువలో. దుబాయ్ వచ్చిన మొదటి వారంలో రోడ్డు పక్కన బారులు బారులుగా ఖర్జూర చెట్లను చూసి, ఇన్ని చెట్లుండి ఒక్కదానికీ కల్లు లొట్టి కట్టలేదే అని మనసు గిలగిల్లాడిన వంశం మాది. అలాంటి నన్ను పట్టుకుని మబ్బు, పులుపు, మడ్డి అంటాడా! "ఇది నాకొదిలెయ్యండి సార్. మీరు విమానం ఎక్కేలోపు మీ చేతిలో ఉంటది," అన్నాను. అప్పటిదాకా నేను సైడర్ అన్న మాటే సరిగ్గా వినలేదు.

మొదటి వారం ఉత్సాహంగా గడిచింది. రాస్ అల్ ఖైమాలో లైసెన్సు మందు దుకాణాలున్నాయి కాబట్టి కనిపించిన ప్రతి రకం యాపిల్ బొమ్మ డబ్బా తెచ్చి ముదీర్ ముందు పెట్టాను. ఆయన ఒక్కో గుక్క తాగి, "సోడా," అనేవాడు. ఇంకోటి. "సోడా." ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనిచేసే మా ఊరి దోస్తుకు ఫోన్ చేసి, ఓడల్లో ఏమైనా దిగుతుందేమో కనుక్కోమన్నాను. "అరేయ్, ఇది షార్జా కిందికొస్తది, ఈడ మందు బంద్. మందు పేరెత్తితే నన్ను గూడ ఓడెక్కిస్తరు. ఫోన్ వెట్టెయ్," అన్నాడు వాడు. పెట్టేశాను.

రెండో వారం సెలవు రోజున బస్సెక్కి దుబాయ్‌లోని డేరా బజారుకు వెళ్లాను. డేరాలో దొరకనిది లేదంటారు కదా. ఒక కిరాణా దుకాణంలో పై అరలో గాజు సీసా కనిపించింది. మబ్బుగా ఉంది. అడుగున మడ్డి ఉంది. మూత తీసి చూపించమంటే దుకాణం ఆయన చూపించాడు, పులుపు వాసన ముక్కు నుంచి నడినెత్తికెక్కింది. లేబుల్ మీద యాపిల్ ఉంది, సైడర్ ఉంది. ఆ పక్కన వెనిగర్ అని ఉన్న మాట కూడా నిజమే. కానీ మా ఊళ్లో కల్లుకు పూటకో పేరుంటుంది, ఇదీ అలాంటిదే అనుకున్నాను. మర్నాడు ముదీర్ నా మీద నమ్మకంతో సగం గ్లాసు ఒక్క గుటకలో తాగాడు. ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి. ఆనందబాష్పాలు అనుకుని నేను మురిసిపోయాను. కాసేపటికి గొంతు వచ్చాక, "మా అన్న చేసిన మొట్టమొదటి పీపా అచ్చం ఇలాగే ఉండేది. ఆవులు కూడా ముట్టలేదు," అన్నాడు. ఆ సీసాలోది ఒంటి బరువు తగ్గడానికి పొద్దున్నే నీళ్లలో కలుపుకుని తాగేదని స్టోర్‌లో అందరూ నాకు వారం రోజులు చెబుతూనే ఉన్నారు.

అలా మూడో వారం, ముదీర్ వెళ్లే రోజు కూడా వచ్చేసింది. సాయంత్రం విమానం.  మాట ఇచ్చానే! పొద్దున్నే మామను బతిమాలి, కంపెనీ పికప్‌లో ఊరికి ఆ చివర, అప్పటిదాకా నేను వెళ్లని ఒకే ఒక మందు దుకాణానికి బయల్దేరదీశాను. అక్కడి మలయాళీ అన్న నేను చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపాడు. సరే, అయిపోయింది అనుకుని వెనక్కి తిరుగుతుంటే, తలుపు పక్కన నేల మీద ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో నాలుగు సీసాలు. "అవి వద్దు భాయ్, ఖరాబ్ మాల్. అడుగున చెత్త ఉందని కస్టమర్లు తిరిగి ఇచ్చేస్తున్నారు. కంపెనీకి వాపస్ పంపాలి," అన్నాడు.

అడుగున చెత్త! నేను వంగి ఒక సీసా తీసి వెలుతురుకు పెట్టి మెల్లగా వంచాను. మా తాత లొట్టి వంచి చూసినట్టే. అడుగునున్న మడ్డి బద్ధకంగా లేచి, మబ్బులా పైకి పాకింది.  "మామా! దొరికింది మామా!" అని అరిచిన అరుపుకు మామ బండి దిగి పరుగున వచ్చాడు, నన్నెవరో కొడుతున్నారనుకుని.

ఇక్కడే నా బుర్ర అమోఘంగా పనిచేసింది. కల్లు గురించి మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా రెండు సంగతులు తెలుసు. ఒకటి, పొద్దెక్కేకొద్దీ పులిసిపోతుంది. రెండు, మూత బిగిస్తే పేలిపోతుంది. మా పెదనాన్న ఒకసారి కొత్త వియ్యంకుడికని ప్లాస్టిక్ సీసాలో కల్లు బిగించి బస్సులో తీసుకెళ్తే, అది సరిగ్గా వియ్యంకుడి తెల్ల చొక్కా పక్కనే పేలింది. ఇప్పుడు టైం తొమ్మిదిన్నర. బయట ఎండ మండిపోతోంది. చేతిలో, మలయాళీ అన్న వద్దంటున్నా కొనేసిన నాలుగు సీసాలు, వాటి మూతలు చూస్తే ఇనుప తీగతో గట్టిగా బిగించి ఉన్నాయి. ఏ మూర్ఖుడు బిగించాడో అనుకుంటూ బండిలో కూర్చుని నాలుగింటికీ టకటకా తీగలు లాగి మూతలు తీసేశాను. బుస్, బుస్, బుస్, బుస్ మని నాలుగూ నిట్టూర్చాయి. మూతుల్లో టిష్యూ కాగితం కుక్కి, నీళ్లతో తడిపిన గోనెసంచి చుట్టి, ఒళ్లో పెట్టుకుని, "ఉరుకు మామా! పొద్దెక్కుతాంది, పులుస్తది!" అన్నాను.

మామ ఉరికించాడు. పాపం, ఎందుకో కూడా అడగలేదు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర టిష్యూలు లేచి నురగ నా ప్యాంటు మీదికి వచ్చింది. రెండో దాని దగ్గర డ్యాష్‌బోర్డు మీదికి. బండి మొత్తం గుప్పున వాసన. రెండేళ్ల మొక్కున్న మామ ముక్కు మూసుకుని తల కిటికీలోంచి బయట పెట్టి నడుపుతున్నాడు. "అంజన్నా, నేను తాగుతలేనయ్యా, గీ పోరడు పట్టుకున్నడు, నేను నడుపుతున్న గంతే!" అని దేవుడికి లెక్క అప్పజెబుతున్నాడు. అంతలో పక్క వరసలోకి పోలీసు బండి వచ్చింది.  మూతలు తీసిన సీసాలు బండిలో పెట్టుకుని తిరగకూడదని నాకు అప్పుడు గుర్తొచ్చింది మరి. గోనెసంచిని పసిపిల్లను పొదువుకున్నట్టు పొదువుకుని కూర్చున్నాను. పోలీసాయన, కిటికీలోంచి తల బయటపెట్టిన మామను ఒక చూపు చూసి, ఏసీ పనిచేయడం లేదనుకున్నాడో ఏమో, జాలిగా ముందుకు వెళ్లిపోయాడు. "ఇంటికి పోయినంక నీ సంగతి జెప్త," అన్నాడు మామ.

ముదీర్ ఇల్లంతా అట్టపెట్టెలే. గ్లాసులన్నీ సర్దేశారు, మిగిలింది రెండు చాయ్ కప్పులు. నేను రొప్పుతూ సీసాలు బల్ల మీద పెట్టి, "జల్ది తాగుండ్రి సార్, పొద్దెక్కింది!" అన్నాను. ఆయన లేబుల్ చదివాడు. టిష్యూ తీశాడు. సీసా వంచి చూశాడు. నా తడిసిన ప్యాంటు చూశాడు. "ఇది సీసాలో పోసి రెండేళ్లయింది. ఇంకో రెండేళ్లున్నా ఏమీ కాదు. నువ్వు మూతలెందుకు తీశావు?"

నేను కల్లు సంగతంతా చెప్పాను. పొద్దు, పులుపు, పెదనాన్న, వియ్యంకుడు, తెల్ల చొక్కా, అన్నీ.  వెనకనుంచి మామ, "రెండేండ్లా? రెండేండ్ల దానికి నన్ను గట్ల ఉరికిచ్చినవారా!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నిజం. ఆ పెద్దమనిషికి మిగిలిన ఒక్క గ్లాసు, దాన్ని కాస్తా నేను చెడగొట్టేశాను.

ముదీర్ ఒక సీసా కప్పులోకి వంచుకున్నాడు. వెచ్చగా, నురగ లేకుండా, కుదుపులకు మడ్డి మొత్తం లేచి, కుడితి నీళ్లలా పడింది. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. "గ్యాస్ లేదు," అన్నాడు. నేను తల దించుకున్నాను. "మా అన్న పీపాలో ఏనాడూ గ్యాస్ లేదు," అన్నాడు. అట్టపెట్టె మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ ముఖం తుడుచుకున్నాడు. "మూత బిగించి ఇచ్చి ఉంటే ఇది కూడా ఇంకో సోడా అయ్యేది. ఇదేరా. వెచ్చగా, చప్పబడి, మడ్డి మడ్డిగా. వాడు చేసింది ఇదే."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో రెండో కప్పు నింపుకుని, వాకిట్లో ఉన్న ఖర్జూర చెట్టు మొదట్లో నాలుగు చుక్కలు వదిలాను. ఏం చేస్తున్నావని అడిగాడు ముదీర్. "సాక పోస్తున్న సార్. మా దిక్కు పోయినోళ్లకు ముందు పోసి తర్వాత మనం తాగుతం. మీరు ముందే తాగేసిండ్రు," అన్నాను. ఆయన లేచి వచ్చి, తన కప్పులోది సగం ఆ మొదట్లో పోశాడు. "ప్రతిసారీ వాడే నాకంటే ముందు తాగేవాడు. ఈ ఒక్కసారి ఆగనీ," అన్నాడు. మామ చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కూడా ఒక గుక్క తాగాను. (మీతో అబద్ధం ఎందుకు, నాకు నచ్చలేదు. మా ఈతకల్లుకు కాలిగోటికి సరిపోదు. ఆ మాట ఆయనతో అనలేదు.) మిగిలిన మూడు సీసాలు ఖాళీ చేయడానికి సాయంత్రం విమానం దాకా టైం సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు నేను అదే స్టోర్‌కు కీపర్ని. తేదీ చూడకుండా డబ్బా ముట్టను, లేబుల్ చదవకుండా సీసా కదపను. కుర్రాళ్లు దేనికైనా పరిగెడుతుంటే, "ఏం కొంపలు మునిగినయ్‌రా?" అని అరుస్తాను. పెద్దవాణ్నయ్యాను మరి. కానీ అప్పుడప్పుడు ఆ ఖర్జూర చెట్టున్న ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, తడిసిన ప్యాంటుతో, ఒళ్లో గోనెసంచితో, రెండేళ్ల పాత సీసాను గంటలోపు చేర్చకపోతే ప్రపంచం పులిసిపోతుందనుకున్న ఆ పిల్లగాడు ఎదురైతే బాగుండు అనిపిస్తుంది. ఎదురైతే లేబుల్ చదవమని మాత్రం చెప్పను. "ఉరుకురా, పొద్దెక్కుతాంది!" అంటాను.