గొర్రె కదలని మధ్యాహ్నం

నాకు కోపమొస్తే బస్సెక్కుతాను. ఈసారి కోపం తెప్పించింది సైదులు. కోదాడలో మేమిద్దరం ఒకే మొబైల్ దుకాణంలో పనిచేస్తాం. "మా జాతరల సంబంధం ఖాయం చేసేది మనుషులు గాదురా, గొర్రె" అన్నాడు చాయ్ తాగుతూ. సంచెడు హేతువాద కరపత్రాలు చదివినవాణ్ణి, ఊరుకుంటానా? మూఢత్వం మీద అరగంట అరిచాను. వాడు నింపాదిగా గ్లాసు కింద పెట్టి, "ఆదివారం మా చెల్లె మమతదే ఉంది. వచ్చి గాడ అరువ్" అన్నాడు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు గంటన్నర పైనే పడుతుంది. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లూ మిర్యాలగూడలోనే దిగాలి. అక్కడి నుంచి వాడపల్లి వైపు షేర్ ఆటో, మనిషికి నలభై రూపాయలు. సిమెంటు దుమ్ము పట్టి తెల్లబడ్డ తుమ్మచెట్ల మధ్య వెళ్తుంటే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "పిల్లను సూసుకోనీకె వస్తున్నవా తమ్మీ?" అన్నాడు.

"కాదు, జాతర చూడ్డానికి."

"అయితే మంచిదే. డోలు ఆగినంక మాత్రం నోరు తెరవకు. అప్పుడు గాడ ఉండేది మనమొక్కలమే గాదు."

ఇంకెవరుంటారని అడిగాను. అతను మోగుతున్న పాట ఆపేసి, ఆటో వేగం పెంచాడు.

జాతర మూసీ ఒడ్డున, నల్లరాళ్ల వాలులో. పదకొండుకే ఎండ కళ్లు మూయిస్తోంది. గొర్రెల మంద వాసన, పసుపు వాసన, గజ్జెల మోత. గొర్లకాపరుల కుటుంబాలు పిల్లవాడి వైపు వాళ్లొక చాప మీద, పిల్ల వైపు వాళ్లొక చాప మీద ఎదురెదురుగా కూర్చున్నాయి. మధ్యలో గంపలో చనిపోయిన పెద్దల బొమ్మలు అచ్చొత్తిన వెండి రేకులు. ఆ పెద్దల ముందు తాడు కట్టిన గొర్రె మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లంతా విదిలిస్తే 'జడ్త ఇచ్చినట్టు', అంటే పెద్దలు ఒప్పుకున్నట్టు. పూజారి తాడు విప్పేలోపు విదిలించకపోతే సంబంధం లేదు.

వేరుశెనగ బండి దగ్గర మమత కనిపించింది. నర్సింగ్ చదువుతోంది. "నీకు ఇష్టమేనా?" అని ముఖం మీదే అడిగేశాను.

"లేదన్నా. ఆయన మంచోడే, నాకే మనసు వస్తలేదు. గొర్రె కదలకుంటే బతికిపోత."

నా నెత్తురు ఉడికింది. "నోరు లేదా నీకు? నువ్వే చెప్పు!"

"నేను జెప్తే మా నాయిన మాట వోతది. గొర్రె జెప్తే ఎవ్వలి మాట వోదు."

ఆమె కంటే ముందు మూడు జంటల వంతు వచ్చింది. మూడు గొర్రెలూ నీళ్లు పడగానే విదిలించాయి. తడిస్తే ఏ జంతువైనా విదిలిస్తుంది, ఇందులో పెద్దలేంటి? ఆ వాదన నోట్లో సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. మమత వంతు వచ్చింది. డోలు ఆగింది. అన్ని వందల మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టడం నేనెప్పుడూ వినలేదు. అవును, అది వినిపిస్తుంది.

నీళ్లు పోశారు. గొర్రె కదలలేదు. మళ్లీ పోశారు. చెవిలోకి ధార జారింది, చెవి ఆడలేదు. ఈగ వచ్చి కంటి మీద వాలింది, రెప్ప పడలేదు. అది మమత పక్కనున్న ఖాళీ జాగా వైపే చూస్తోంది. అక్కడ చాప మీద ఎవరూ లేరు. అయినా మమత వాళ్లమ్మ కొంచెం పక్కకు జరిగి కూర్చుంది, ఎవరికో చోటిచ్చినట్టు. అంత ఎండలో నా వీపు చల్లబడింది.

పూజారి తాడు విప్పి, గంప వైపు తిరిగాడు. అప్పుడు విదిలించింది గొర్రె, తల నుంచి తోక దాకా, మా అందరి మీదా పసుపు చిందేలా.

"ఇచ్చింది! జడ్త ఇచ్చింది!" పిల్లవాడి మేనమామ లేచాడు.

"తాడు విప్పినంక ఇచ్చింది" అన్నాడు సైదులు.

"నీ కండ్లు దవాఖానల సూపిచ్చుకో బామ్మర్దీ, విప్పకముందే!"

అప్పుడే బామ్మర్ది అయిపోయాడు. మమత తండ్రి నేల చూస్తున్నాడు. పూజారి చెయ్యెత్తాడు. "సుట్టం గానోళ్లు ఎవలన్న సూసిండ్రా?"

అక్కడున్నది అందరూ చుట్టాలే. మమత నా వైపు చూసింది. ఇదంతా బూటకమని అరవడానికి వచ్చినవాణ్ణి, ఆ బూటకానికే సాక్షిగా నిలబడాలి. "తాడు ముందే విప్పారు. తర్వాతే విదిలించింది. నేను చూశాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మేనమామ కాసేపు నన్ను ఎగాదిగా చూసి నవ్వేశాడు. "సరే తియ్. పెద్దలకు ఇష్టం లేకుంటే మనమెంత? రా బావా, బువ్వ తిందాం" అంటూ మమత తండ్రిని చెయ్యి పట్టుకుని లేపాడు. రెండు చాపలూ దగ్గరికి జరిగాయి. ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నారు. పిల్లవాడు కూడా నవ్వుతూనే తిన్నాడు.

ఆటో ఎక్కేముందు మమతను పక్కకు పిలిచి, "దాన్ని ఎట్లా ఆపావు?" అన్నాను.

"నేనేం జెయ్యలేదన్నా. గంపల ఉన్న మా నాయినమ్మ పట్టుకుంది. అగో, గొర్రె మెడ సూడు."

చూశాను. అంతగా విదిలించుకున్నాక కూడా, తడి ఉన్ని మీద నాలుగు వేళ్లు అదిమినట్టు సన్నని గుంతలు. పూజారి పట్టుకున్నది తాడు కొస ఒక్కటే, మెడ కాదు.

ఆ గుంతలకు ఏ కరపత్రంలోనూ జవాబు దొరకలేదు, వెతుకుతూనే ఉన్నాను. పెళ్లిని గొర్రె నిర్ణయించడం తప్పని ఇప్పటికీ అంటాను. కానీ ఒక పిల్ల వద్దనుకున్నది ఎవరి తలా దించకుండా వద్దయిపోవడం మాత్రం కళ్లారా చూశాను. దేవుణ్ణి నమ్మని మా హేతువాదుల సభల్లో అలాంటిది ఇంతవరకు చూడలేదు. వెళ్లేవాళ్లకు నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే: చాపల మీద కాళ్లు చాపుకోవడానికి ఎంత ఖాళీ కనిపించినా, పిలవందే కూర్చోకండి.