చివరగా మాట్లాడిన మనిషి

మా ఊరి సర్పంచ్, నేను పెద్దనాయనా అని పిలిచే మనిషి, పోయిన వారం కొత్తగూడెం దవాఖానాలో కన్నుమూశారు. ఊపిరితిత్తుల జబ్బు. ఊరంతా ఏడ్చింది. నా ఏడుపులో దుఃఖం కన్నా తప్పు చేసినదాని బాధే ఎక్కువ.

మాది ములకలపల్లి దాటాక అడవి అంచు ఊరు. నేను ఉపసర్పంచ్‌ని. పెద్దనాయన లంచం ఎరగరు. ఎవరింట్లో జ్వరమన్నా తన బండి మీదే దవాఖానాకు తీసుకెళ్లేవారు. అంత మంచి మనిషి దొరికాక ఇక మీటింగులెందుకనుకున్నాం. ఆయన చెప్పేవారు, మేం అవ్ అనేవాళ్లం.

ఒక వేసవిలో ఊరికి ఒకే బోరు మంజూరైంది. బడి దగ్గర వేద్దామన్నారు ఆయన. అందరం తలూపాం. నా పుట్టిల్లు మా ఊరికే చెందిన, ఎగువనున్న చిన్న వాడ పైగుంపులో. అక్కడి ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకుంటున్నారని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. బోరు బడి దగ్గరే పడింది. ఆ నెలలోనే పైగుంపు అవ్వ ఒకామె నీళ్ల బిందెతో గట్టెక్కుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

ఆమెను దవాఖానాలో చేర్పించి, పెద్దనాయన నేరుగా మా వాకిట్లోకి వచ్చారు.

"అక్కడ నీళ్లు లేవని నీకు ఎరుకేనా?"

"ఎరుకే. మీకు అన్నీ తెలుసు గదా అనుకున్న."

"నాకు అన్నీ తెలిస్తే నిన్నెందుకు గెలిపిచ్చిండ్రు, బిడ్డా?"

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇప్పటికీ ఆ మాట మరిచిపోలేను. గ్రామసభలో మాత్రం తప్పంతా తనదేనని చెప్పారు, నా పేరెత్తలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి పైగుంపుకూ బోరు వేయించారు. ఆ అవ్వ మాత్రం మళ్లీ లేచి నడవలేదు.

అప్పటినుంచి ఏ మీటింగులోనైనా ఆయన అందరికన్నా చివర మాట్లాడేవారు. "నేను ముందుగాల చెప్తే మీరంత అవ్ అంటరు" అనేవారు. కాదనేవాళ్లెవరూ లేకపోతే ఆ పని మర్నాటికి వాయిదా వేసేవారు. చెడ్డవాడు గద్దెనెక్కుతాడన్న భయంతోనే అధికారాన్ని పదిమందికి పంచుతారనుకునేదాన్ని. మంచివాడికీ చూపు కొంత దూరమే ఆనుతుందని ఆయన దగ్గరే తెలిసింది. ఆలస్యంగా తెలిసింది.

ఆయన లేకుండా నిన్న మొదటి మీటింగు జరిగింది. రోడ్డు ఏ వైపు నుంచి వేయాలన్నది విషయం. అందరూ నా వైపు చూశారు. ఒకప్పుడు ఆయన వైపు చూసినట్టే, నమ్మకంగా, నిశ్చింతగా. "ముందుగాల మీరు చెప్పుండ్రి, నేను చివర చెప్త" అన్నాను. వెనక వరసలో పైగుంపు కోడలొకామె చంకలో బిడ్డను సర్దుకుంటూ లేచి నిలబడింది.